మ్యూజియంలో వస్తువుల వెనుక వైపు చూడండి

“సాలార్‌జంగ్ మ్యూజియానికి మొదటిసారి వెళ్తున్నాను. కళ గురించి ఏమీ చదువుకోని నాలాంటివారు అక్కడి పనితనాన్ని ఎలా గుర్తించాలి, ఏవి తప్పక చూడాలి?” అని మీరు అడిగారు. తప్పక చూడవలసినవేవో చెప్పేవారు ఇక్కడ చాలామంది ఉన్నారు కనుక ఆ పని వారికే వదిలేస్తున్నాను. నేను చెప్పగలిగింది ఒక్కటే. ఏ వస్తువు ముందు నిలబడినా దాని వెనుక వైపు, అడుగు వైపు, లోపలి వైపు ఎంత కనిపిస్తే అంత చూడండి. ముందు వైపు మాత్రమే చూసి పనితనం గురించి మాట్లాడేవారి మాట నేను నమ్మను.

ఈ పట్టుదల నాకు ఇంటి నుంచి వచ్చింది. మాది పెంబర్తి. జనగామ దగ్గర, హైదరాబాదు నుంచి వరంగల్ వెళ్లే దారి మీదే ఉంటుంది. ఇత్తడి రేకు మీద బొమ్మలు లేపి గుడి తలుపులకు, రథాలకు, విగ్రహాలకు తొడుగులు చేయడం మా ఊరి పని. నేను ఉద్యోగంలో పడి ఆ పని నేర్చుకోలేదు గానీ, చిన్నతనమంతా మా తాత పక్కన కూర్చుని చూశాను. గుగ్గిలం, ఇటుకపొడి, నూనె కలిపి కరిగించిన ముద్దను పలక మీద పరిచి, వేడి చేసిన రేకును దాని మీద బోర్లించేవాడు. చల్లారిన తరువాత ఆ ముద్ద రేకును కదలనివ్వదు, అయినా సుత్తె దెబ్బకు కాస్త లొంగుతుంది. అప్పుడు వెనుక నుంచి మొద్దు ఉలులతో కొట్టి బొమ్మను ముందుకు లేపుతారు. తరువాత రేకును వేడిచేసి ఊడదీసి, తిప్పి పరిచి, ముందు వైపున సన్నని ఉలులతో కళ్లు, నగలు, చీర కుచ్చిళ్లు తీరుస్తారు. అంటే మీరు ముందు నుంచి చూసే ఉబ్బెత్తు అంతా వెనుక నుంచి జరిగిన పనే.

ఒకసారి దగ్గరి ఊరి గుడి తలుపుకు గజలక్ష్మి రేకు చేస్తుండగా, ఏనుగు తొండం మెలిక తిరిగే చోట సన్నని పగులు వచ్చింది. ఇత్తడి దెబ్బలు తింటున్నకొద్దీ గట్టిపడుతుంది. మధ్యమధ్యలో ఎర్రగా కాచి మెత్తబరచకపోతే, ఎక్కువ సాగిన చోట చిట్లుతుంది. తాత వెనుక వైపున గోరంత ఇత్తడి ముక్క పెట్టి, వెలిగారం చల్లి, టంకం పోశాడు. ముందు వైపు చింతపండుతో రుద్ది మెరుగు పెట్టాక, తీసుకుపోవడానికి వచ్చిన పెద్దమనిషి తొండమంతా వేలితో తడిమినా అతనికి ఏమీ తగల్లేదు. అప్పుడు తాతే రేకును తిరగేసి ఆ అతుకు చూపించాడు. “ముందర ఎవ్వలకు కనవడది గద, ఎందుకు సూపెడుతున్నవ్?” అని అతను ఆశ్చర్యపోతే, “రేపు ఊడితె బాగుచేసెటోనికి ఏడ సూడాల్నో ఎర్కుండాలె గద పటేలా” అన్నాడు. ధరలో ఒక్క రూపాయి తగ్గించలేదు, అతనూ అడగలేదు. ఆ రేకు తలుపుకెక్కిన తరువాత ఆ అతుకును చూసినవారెవరూ ఉండరు.

అందుకే, గాజు పెట్టెలో ఒక ఇత్తడి పళ్లాన్ని గోడకు ఆనించి, “ఇత్తడి పళ్లెం, దక్కన్, 19వ శతాబ్దం” అని చీటీ అంటించి చేతులు దులుపుకోవడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అది పోత పోసినదా, రేకు కొట్టి చేసినదా, నగిషీని వెనుక నుంచి లేపారా, ముందు నుంచి చెక్కారా అన్నది ఆ చీటీలో ఉండదు. ఒక మ్యూజియంలో అటువంటి పళ్లెం అంచు కింది భాగం చూద్దామని నేల మీద మోకాళ్లూని వంగితే, కాపలా ఉన్నాయన ఈల వేసి లేపాడు. అదే పెట్టెకు వీపు ఆనించి సెల్ఫీలు దిగుతున్న గుంపును మాత్రం ఏమీ అనలేదు.

సాలార్‌జంగ్ మ్యూజియంలోనే నా వాదానికి గట్టి సాక్ష్యం ఉంది. గోథే రాసిన ఫౌస్ట్ నాటకంలోని దయ్యం మెఫిస్టోఫిలీస్‌ను ఒకే మొద్దులో ఒక వైపు, అదే నాటకంలోని యువతి మార్గరెట్టాను మరో వైపు చెక్కిన 19వ శతాబ్దపు కొయ్య శిల్పం అక్కడ ఉంది. దాని వెనుక పెద్ద అద్దం పెట్టారు కనుకనే ముందు నిలబడినవారికి రెండో బొమ్మ కూడా కనిపిస్తుంది. అద్దం పెడితే జనం వెనుక వైపు కూడా ఇష్టంగా చూస్తారని దేశంలోని మ్యూజియాలన్నిటికీ అక్కడే తెలిసిపోవాలి. అటువంటి చిన్న అద్దాలను ప్రతి ఇత్తడి పళ్లెం కిందా, ప్రతి వెండి పెట్టె వెనుకా పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు. హైదరాబాదు దివాను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోములో కొన్న, బైబిల్‌లోని రెబెక్కాను ముసుగుతో చూపించే పాలరాతి విగ్రహం దగ్గర కూడా ముసుగును మెచ్చుకుని వెళ్లిపోకండి. ఆ ముసుగు విడిగా కప్పిన పలుచని పొర కాదు, ముఖమూ ముసుగూ ఒకే రాయి. బెంజోనీ అనే ఇటలీ శిల్పి ముఖం గీతలను ఎక్కడ మెత్తబరిచాడో, మడతలను ఎక్కడ లోతుగా తీశాడో పక్కకు జరిగి చూస్తేనే ఆ భ్రమ ఎలా పుట్టిందో తెలుస్తుంది.

నల్లని లోహంలో వెండి పొదిగే బీదరు పనిని బిద్రీ అంటారు. ఆ వస్తువుల దగ్గర తొందరపడవద్దు. అది ఎక్కువ పాలు జింకు, కొద్దిగా రాగి కలిపి పోసిన పోత. నునుపు చేసిన పైభాగానికి మైలతుత్తం (కాపర్ సల్ఫేట్) నీళ్లు పూసి తాత్కాలికంగా నల్లబరచి, గీసుకున్న బొమ్మ కనిపించేటట్లు చేసుకుని, ఉలితో గాడులు తీసి, వాటిలో వెండి తీగనో రేకునో కొట్టి కూర్చుతారు. చివరికి బీదరు కోట మట్టి, నవాసాగరం (అమోనియం క్లోరైడ్) కలిపిన పూత పెడితే పోత లోహం నల్లబడుతుంది గానీ వెండికి ఏమీ కాదు. హుక్కా కుండ మూతి దగ్గర వంగి లోపలికి చూడండి. పైన అంత నిగనిగలాడే నలుపు లోపల ఉండదు.

మా కరీంనగర్ వెండి తీగ పని దగ్గర మాత్రం నా సూత్రం పనిచేయదని ఒప్పుకోవాలి. రెండు సన్నని తీగలను పురిపెట్టి, చదును చేసి, మడతలు తిప్పి, మందపాటి తీగతో చేసిన చట్రంలో కూర్చి టంకం వేస్తారు. అంతా చిల్లుల పనే కనుక తప్పు దాచడానికి వెనుక వైపే లేదు. అందులో టంకం ఎక్కువై తీగల మధ్య సందులు పూడుకుపోయాయా అన్నది ఒక్కటి చూస్తే చాలు. చేర్యాల పటాల సంగతి మరీ అన్యాయం. ఖాదీ గుడ్డకు సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పొరలు పొరలుగా పూసి, ఎర్రని నేపథ్యం మీద బొమ్మలు వేసి, కథ చెప్పేవాడు చుట్ట విప్పుతూ చూపించవలసిన పొడవాటి పటం అది. దానిని కత్తిరించినట్లు ఒక ముక్క వరకే చట్రంలో బిగిస్తే, చుట్టడం విప్పడం వల్ల పూత ఎక్కడ చిట్లిందో, గుడ్డ ఎలాంటిదో ఎవరికీ తెలియదు.

మీరు వరంగల్ వైపు వస్తే కోటలోని కీర్తి తోరణాన్ని ముందుగా చూడండి. దానిని ఎవరూ గోడకు ఆనించలేదు కనుక రెండు వైపులా తిరిగి, కింద నిలబడి పైకి చూసి, పోల్చుకోవచ్చు. తిరుగు ప్రయాణంలో పెంబర్తిలో ఆగితే, మెరుగు పెట్టి అమ్మకానికి పెట్టిన బొమ్మలను కాకుండా, ఇంకా ముద్దకు అంటుకుని ఉన్న సగం పని రేకును చూపించమని అడగండి. పనివాళ్లు సంతోషంగా చూపిస్తారు, కాకపోతే వేడి రేకు మీద చెయ్యి పెట్టకండి.