ఆవిడ అన్నది "మీ ఇష్టం", "సరే" కాదు

అబ్బాయ్,

నీ నవల పీడీఎఫ్ అందింది. పద్నాలుగు చాప్టర్లూ చదివాను, రెండు రాత్రుళ్ళు పట్టింది, మధ్యలో మా ఆయన వచ్చి ఏంటంత సీరియస్‌గా చదువుతున్నావంటే కరెంటు బిల్లు అన్నాను. అక్కగారూ అని రాశావు, నీ వయసుకి పెద్దమ్మనవుతాను, పర్లేదులే. రాజోలు వాడినని చెప్పావు గనక మన భాషలోనే మాట్లాడుకుందాం.

సబ్జెక్టు చూసి నేనేం ఉలిక్కిపడలేదు. పెళ్ళై పదకొండేళ్ళయిన భీమవరం రొయ్యల రైతు, భార్య, ఇంకో జంటతో ఒక్క రాత్రి మార్పిడి అనుకోవడం, ఎవడో వీడియో తీయడం, బెదిరింపు, చివర్న ఒక చావు. రాయొచ్చు, శుభ్రంగా రాయొచ్చు. రాసేటప్పుడు నువ్వు సిగ్గుపడక్కర్లేదు గానీ నీ పాత్రలు మాత్రం పడాలి, ఎందుకంటే సిగ్గులేనివాళ్ళని వీడియో చూపించి బెదిరించడం ఎవడివల్లా కాదు, నీ రెండో సగం కథంతా ఆ సిగ్గు మీదే నడవాలి కదా.

నా గొడవంతా మూడో చాప్టర్‌తోనే. మొగుడు అడిగాడు, "ఆమె సరే అంది" అని రాసి, కింద మూడు చుక్కలు పెట్టి, రిసార్టుకి తీసుకెళ్ళిపోయావు. పుస్తకమంతా ఆ మూడు చుక్కల్లో ఉండిపోయిందిరా అబ్బాయ్.

మన ఇళ్ళల్లో ఆడది అంత పెద్ద విషయానికి సరే అంటుందా? "మీ ఇష్టం" అంటుంది. ఈ రెండూ ఒకటి కాదని పెళ్ళైన ప్రతివాడికీ తెలుసు, తెలిసీ తెలియనట్టు ఉండటమే సగం కాపురం. నేనైతే ఆ సీను వంటింట్లో పెడతాను. రొయ్యలు ఒలుస్తూ ఉంటుంది ఆవిడ, తల తుంచి, పెంకు లాగి, వీపు మీద నల్లనరం గోటితో తీసి గిన్నెలో వేస్తుంది. వాడు గుమ్మంలో నిలబడి ఫోన్ తిప్పుకుంటూ విషయం కదుపుతాడు, అది కూడా తిన్నగా కాదు, వాడి భాషలో, "ఒక్క క్రాపు వేసి చూద్దాం, బాగోకపోతే మానేద్దాం" అని. ఆవిడ చెయ్యి ఆగదు. ఇంకో నాలుగు రొయ్యలు ఒలుస్తుంది. ఐదోదానికి మాత్రం నరం తియ్యడం మర్చిపోయి గిన్నెలో వేసేసి "మీ ఇష్టం" అంటుంది. ఆ రాత్రి అన్నంలో వాడి పంటికింద కసుక్కుమని ఇసక తగుల్తుంది, ఏమీ అనడు. నువ్వు ఇంకేం వివరించక్కర్లేదు.

నాకూ ఒకసారి ఇలాగే అయింది. కొత్తలో ఒక వారపత్రికకి సీరియల్ రాసేదాన్ని, ఎడిటర్ గారు వారానికో వేడి సీను పడాలమ్మా అనేవారు, సరేనని పన్నెండు వారాలు పడేశాను. పాలకొల్లు నుంచి ఒకావిడ కార్డు రాసింది, అంతా బాగుంది గానీ ఆ పిల్ల ఎప్పుడు ఒప్పుకుందో మాకు చెప్పలేదేమండీ అని. అంతే, ఒక్క లైను. నాకు ఆ వారం అన్నం సహించలేదు.

ఇంకోటి, నీ పాత్రలు ఒకళ్ళనొకళ్ళు పేర్లతో పిలుచుకుంటున్నారు, ఏదో సినిమా డబ్బింగ్‌లాగ. మన దగ్గర మొగుడి స్నేహితుణ్ణి ఏమంటారు, అన్నయ్యగారూ అంటారు. వాడి పెళ్ళాన్ని వీడు చెల్లెమ్మా అంటాడు. పదకొండేళ్ళూ అదే పిలుపు, సంక్రాంతికి అరిసెల డబ్బా ఇచ్చేటప్పుడూ అదే, హాస్పిటల్లో ఉంటే చూడటానికెళ్ళినప్పుడూ అదే. ఇప్పుడు గది తలుపు దగ్గర నిలబడి ఆవిడ అలవాటు ప్రకారం "రండి అన్నయ్యగారూ" అనేస్తే? నలుగురూ ఒక్క క్షణం బిగుసుకుపోయి తర్వాత పగలబడి నవ్వుతారు, ఆ నవ్వు ఆగాక ఏం పిలవాలో ఎవరికీ తెలీదు. నువ్వు ఎనిమిది పేజీలు బట్టలు విప్పించావు చూడు, అదంతా కలిపినా ఈ ఒక్క పిలుపంత నగ్నంగా లేదు.

ఆ తర్వాత సంగతి కూడా మాటలతోనే చెప్పు. గోడవతల మొగుడు కూర్చుని ఉన్నాడు, అవతలావిడ వాడి ఎదురుగా కూర్చుని గాజులు తిప్పుకుంటోంది, ఇద్దరికీ మాట రావట్లేదు. పక్కగదిలో నిశ్శబ్దంగా ఉంటే వాడు తట్టుకోగలడు, అందుకు సిద్ధపడే వచ్చాడు. కానీ అక్కడ వీడి పెళ్ళాం మాట్లాడుతోంది. గలగలా. మధ్యలో "నువ్వు భలేవాడివి" అంటుంది. నువ్వు! మొగుణ్ణి పదకొండేళ్ళుగా ఏవండీ, మీరు అన్న మనిషి. పొద్దున్న ఏం మాట్లాడుకున్నారని అడిగితే "ఏముంది, చెరువుల గురించే" అంటుంది. అసూయ అక్కడ పుట్టాలి. చావు దాకా వెళ్ళేది ఆ అసూయే, వీడియో వంక మాత్రమే.

పోలీసు సీను మొత్తం కొట్టెయ్. నీ ఎస్సై వ్యభిచారం సెక్షన్ 497 పెట్టి లోపలేస్తానని బెదిరిస్తాడు, కథేమో 2025లో. ఆ సెక్షన్ని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 27న కొట్టేసింది కదా, ఇప్పుడది నేరం కాదు, విడాకులకి కారణంగా మాత్రం మిగిలింది. కానీ ఆ పాత సెక్షన్ని నువ్వోసారి చదువు, నీ కథకి పనికొస్తుంది. 1860 నాటి శిక్షాస్మృతిలో అది ఏమనేదంటే, పెళ్ళైన ఆడదానితో ఇంకొకడు సంబంధం పెట్టుకుంటే నేరం, మొగుడు ఒప్పుకుంటే మాత్రం నేరం కాదు. ఆవిడ ఒప్పుకుందా లేదా అన్న ప్రశ్నే లేదు. నూట యాభై ఏళ్ళపైన అలా నడిచింది, మొగుడు భార్యకి యజమాని కాదని కోర్టు చెప్పేదాకా. పేపర్లవాళ్ళు ఇప్పటికీ భార్యల మార్పిడి అనే రాస్తారు, మొగుళ్ళ మార్పిడి అని ఎవడైనా రాయగా చూశావా? నీ హీరోకి ఆ సెక్షన్ పోయిన సంగతి తెలుసు, బుర్రలోంచి మాత్రం పోలేదు. అదీ వాడి కేరక్టర్.

వీడియో విషయంలో చట్టం పూర్తిగా వీళ్ళ వైపే ఉంది, అది నువ్వు వాడుకోలేదు. ఏకాంతంలో ఉన్న ఆడదాన్ని చాటుగా తీస్తే భారతీయ న్యాయ సంహిత 77, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది, తీయడానికి ఒప్పుకున్నా పంచడానికి ఒప్పుకోకపోతే పంచినవాడిది కూడా నేరమే. ఐటీ చట్టంలో 66ఈ ఉంది, మూడేళ్ళ దాకా జైలు, 67ఏ కింద మొదటిసారికే ఐదేళ్ళ దాకా, పది లక్షల దాకా జరిమానా. డబ్బులడిగితే బెదిరించి డబ్బు గుంజే కేసు వేరే. మరి ఇంత ఉన్నా స్టేషన్‌కి ఎందుకు వెళ్ళరు? ఎందుకంటే స్టేషన్లో రాతకోతలు చూసే రైటరు వీడి మేనత్త కొడుకు క్లాస్‌మేటు. కంప్లైంటు టైపు చేసేలోపే వార్త మార్టేరు దాటిపోతుంది. డెల్టాలో థ్రిల్లరంటే ఇదే, విలన్ని ఓ మూల నక్కించక్కర్లేదు, ఎవరి బండి ఎవరి గుమ్మం ముందు ఎంతసేపు ఆగిందో లెక్కపెట్టే ఊరు చాలు.

అందుకే వాళ్ళని చించినాడ బ్రిడ్జి మీంచి దిండి రిసార్టుకి పంపొద్దు, ఏసీ కార్లో అద్దాలెత్తుకుని వెళ్ళిపోతే ఎవడు చూస్తాడు. నరసాపురంలో పంటు ఎక్కించు, అదే, బళ్ళని గోదావరి దాటించే పెద్ద పడవ. కారు పంటు మీద పెట్టాక అది అవతలి గట్టు చేరేదాకా వెనక్కి తిప్పలేరు, మనసు మారినా సరే. వశిష్ఠ గోదావరి మధ్యలో ఎండకి కారు దిగి నిలబడతారు, పక్కన గంప పెట్టుకున్న పెద్దావిడ అడుగుతుంది, "స్వామి దర్శనానికా అండీ?" అని. సఖినేటిపల్లి వైపు కార్లో ఒక జంట వెళ్తుంటే అంతర్వేది నరసింహస్వామి దగ్గరికి కాక ఇంకెక్కడికి అనుకుంటారు ఎవరైనా? వీడు "ఆయ్, దర్శనానికేనండీ" అంటాడు. ఆవిడ తల తిప్పుకుని నీళ్ళవైపు చూస్తుంది. పెద్దావిడ ఊరుకోకుండా మా పేరున కూడా దణ్ణం పెట్టండమ్మా అని పది రూపాయలు ఆవిడ చేతిలో పెడుతుంది, హుండీలో వెయ్యమని. ఆ పది రూపాయల నోటుని చివరిదాకా మర్చిపోకు. (తీర్థం రోజుల్లో మాత్రం పెట్టకు, అప్పుడు రూమే దొరకదు, నీ కథ మొదలే కాదు.)

కథ సంక్రాంతి నుంచి ఏప్రిల్‌కి మార్చు, కోడిపందేల సీను పోతుందని ఏడవకు, అది అందరూ రాసేశారు. ఏప్రిల్‌లో ఎండాకాలం క్రాపు మీద ఉంటుంది, కరెంటు పోతూ ఉంటుంది. వాళ్ళు పెట్టుకున్న రూల్స్‌లో ఫోన్లు ఆఫ్ చెయ్యాలన్నది ఒకటి కదా. నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లారుగట్ల, ఆ టైములో చెరువు నీళ్ళు చిలికే ఏరేటర్లు ఆగితే రొయ్య పైకి తేలిపోతుంది. కాపలా కుర్రాడు జనరేటర్ స్టార్ట్ అవ్వక మూడింటికి ఫోన్ మీద ఫోన్ చేస్తుంటాడు, ఇక్కడ ఫోన్లన్నీ టీవీ మీద వరసగా పడుకుని ఉంటాయి. నాలుగింటికి వీడు ఉండబట్టలేక రూల్ తప్పి ఫోన్ ఆన్ చేస్తాడు. పంటు లేదు ఆ టైముకి, మలికిపురం, చించినాడ, పాలకొల్లు చుట్టు తిరిగి రావాలి. ఆవిణ్ణి పిలవాలంటే ఆ పక్కగది తలుపు కొట్టాలి.

కొడతాడా, కొట్టకుండా ఒక్కడే పోతాడా? నేనైతే పోనిస్తాను. లక్షల సరుకు కోసం పెళ్ళాన్ని అక్కడ వదిలేసి పోయాడన్నది ఆవిడ ఏ వీడియోకీ భయపడనంతగా గుర్తుపెట్టుకుంటుంది. వీడి నాన్న టైగర్ రొయ్య వేసి వైట్ స్పాట్ తెగులుకి పొలం పోగొట్టుకున్నాడని రెండో చాప్టర్లో ఒక లైను రాశావు, అది ఇక్కడికి తీసుకురా, అప్పుడు వాణ్ణి తిట్టుకోవడానికి కూడా చదివేవాళ్ళకి నోరు రాదు.

మిగతావి చిన్నవి. రొయ్యని కిలోకి ముప్ఫై కౌంట్ అని రాసి చిన్న సైజు అన్నావు, తిరగేశావు, కౌంటంటే కిలోకి ఎన్ని తూగుతాయో ఆ లెక్క, అది తగ్గేకొద్దీ రొయ్య పెద్దది. "ఆమె కళ్ళలో కోరిక జ్వలించింది" లాంటివి ఎనిమిది చోట్ల ఉన్నాయి, గుర్తు పెట్టుకున్నాను. అవతలి జంట భార్యకి నువ్వు అసలు పేరే పెట్టలేదు, చూసుకున్నావా?

మొత్తం తిరగరాసి పంపకు. ఆ రొయ్యలు ఒలిచే సీను ఒక్కటి రాసి పంపు, నాలుగు పేజీలకి మించకుండా, నేను చెప్పినట్టే కాకుండా. పీడీఎఫ్ వద్దు, ఫాంట్ పెంచుకోవడానికి వీల్లేదు అందులో, మా ఆయన కూడా వెనకనుంచి చదివేస్తున్నాడు.

పెద్దమ్మ