రాయి చెప్పినంతే రాయి

చెన్నై

ప్రియమైన తమ్ముడికి,

వందనాలు. నీ వ్యాసం రెండుసార్లు చదివాను. బైబిల్ నిజమని తవ్వకాలు రుజువు చేశాయంటూ మొదలుపెట్టి, దొరికినవన్నీ వరసగా పేర్చుకుంటూ పోయావు. చాలా కష్టపడ్డావు. కానీ ఏ ఒక్కదాని దగ్గరా ఆగి చూడలేదు.

పిలాతు రాయినే తీసుకో, యేసును సిలువకు అప్పగించిన రోమా అధిపతి పేరున్నది. 1961లో ఇజ్రాయెల్ తీరాన కైసరయలో ఇటలీ పరిశోధకులు పాత నాటకశాల తవ్వుతుంటే ఆ సున్నపురాయి బయటపడింది. ఎన్నడో ఎవరో దాన్ని పీకి మెట్టుగా వేసేశారు. విరిగిపోగా మిగిలిన లాటిన్ అక్షరాల్లో పిలాతు పేరు, యూదయ మీద అతని పదవి ఉన్నాయి. విశ్వాస ప్రమాణంలో మనం పలికే పొంతి పిలాతు ఈ భూమ్మీద తిరిగిన మనిషేనని ఆ రాయి చెప్తోంది. నాకు ఒళ్లు పులకరిస్తుంది. అయితే మూడో రోజున సమాధి దగ్గర ఏం జరిగిందో దానికి తెలియదు. నువ్వు పునరుత్థానం బరువు కూడా దాని మీదే పెట్టావు.

మృత సముద్రం దగ్గర కుమ్రాను గుహల్లో 1947లో దొరికిన యెషయా గ్రంథపు చుట్ట గురించి 'ఒక్క అక్షరం పొల్లు పోలేదు' అన్నావు. అది తప్పు. 7 మీటర్లకు పైగా పొడవున్న ఆ చుట్ట, అది దొరక్కముందు మన దగ్గరున్న పూర్తి హీబ్రూ ప్రతుల కన్నా దాదాపు వెయ్యేళ్లు పాతది. గ్రంథం చాలావరకు అదే. తేడాలూ ఉన్నాయి: అక్షరక్రమంలో, కొన్ని మాటల్లో. 53వ అధ్యాయం 11వ వచనంలో 'వెలుగు' అనే మాట అదనంగా ఉంది. వెయ్యేళ్లలో ఇంతేనా మారింది అని పాఠకుడు తనంతట తనే ఆశ్చర్యపోతాడు, తేడాల సంగతి నువ్వే చెప్తే.

యెహోషువ నాయకత్వంలో ఇశ్రాయేలీయులు చుట్టూ తిరిగితే గోడలు కూలాయని బైబిల్ చెప్పే యెరికోను అసలు ముట్టుకోలేదేం? 1950లలో అక్కడ తవ్విన కాథ్లీన్ కెన్యన్, యెహోషువ కాలమని అనుకునే నాటికి అక్కడ కూలడానికి ప్రాకారమే లేదంది. దాని మీద వాదనలు ఇంకా ఉన్నాయి. సాక్షిని బోనెక్కించాక మనకు నచ్చిన మాట వరకే విని దింపేయకూడదు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నేనూ ఆ తప్పు చేశాను. ఎర్రసముద్రం అడుగున, మోషేను తరిమిన ఐగుప్తు రాజు ఫరో రథచక్రాలు దొరికాయని ఒక పత్రికలో రాశాను. మా సంఘంలో కాలేజీ కుర్రాడొకడు వచ్చి 'అవి ఏ మ్యూజియంలో ఉన్నాయన్నా?' అని అడిగాడు. వెతికితే ఎక్కడా లేవు. ఆ తర్వాత నేను వాక్యం చెప్పడానికి లేచిన ప్రతిసారీ అతను తల దించుకునే కూర్చున్నాడు. ఆ బాధ ఈరోజుకీ పోలేదు.

మా అమ్మ పిలాతు రాయి గురించి వినలేదు. నాన్న పనిచేసే మిల్లు మూసేసిన ఏడాది, వ్యాసర్పాడిలో మా ఒంటి గదిలో, రాత్రిళ్లు అక్షరం కింద వేలు పెట్టి 23వ కీర్తన చదివేది. 'యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు.' 'లేమి' దగ్గర వేలు ఆగిపోయేది. మూలనున్న బియ్యం డబ్బా వైపు చూసేది. మళ్లీ మొదటి నుంచి చదివేది. ఆ డబ్బా ఖాళీ అని మా అందరికీ తెలుసు. అయినా ఆవిడ ఆ మాట వదల్లేదు. నా విశ్వాసం అక్కడ మొదలైంది.

దీన్ని రుజువని ఎవరికీ చూపించలేను. మన గుళ్లలో దీనికి మంచి మాటుంది, సాక్ష్యం. సాక్ష్యాన్ని సాక్ష్యంలాగే రాయి. రుజువు వేషం వేశావా, రెండూ చెడతాయి.

నువ్వుండేది పరంగిమలైకి దగ్గరే కదా, ఒకరోజు పొద్దున్నే ఎక్కు. అపొస్తలుడైన తోమా అక్కడే చనిపోయాడని తరతరాల నమ్మకం. గుడిలో ఉన్న రాతి సిలువ 1547లో పోర్చుగీసువాళ్లకు దొరికింది. దాని మీద ఉన్నవి పాత పర్షియా లిపి పహ్లవీ అక్షరాలు, తోమాకు కొన్ని వందల ఏళ్ల తర్వాతివి. ఆ ఖాళీని దాచకు. దాని ముందు మోకరించేవాళ్లనూ వదిలేయకు. తిరిగి లేచిన యేసు గాయాల్లో వేలు పెడితే గాని నమ్మనన్నవాడి కొండ అది. ప్రభువు అతణ్ణి కసరలేదు, చెయ్యి చాపి చూడమన్నాడు. యోహాను 20వ అధ్యాయం నిదానంగా చదువు. తోమా నిజంగా ముట్టుకున్నాడని అక్కడెక్కడా లేదు. 'నా ప్రభువా, నా దేవా' అన్నాడని మాత్రమే ఉంది.

ఒక్క రాయి, ఒక్క మనిషి ఉంచి మిగతాదంతా కొట్టేసి మళ్లీ రాయి. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక కాగితాలు పట్టుకుని ఇంటికి రా. భోజనం ఇక్కడే.

ఇట్లు,
అన్నయ్య