వార్తల్లో కనిపించే మనుషుల బొమ్మ రోజుకొకటి వేసి, పక్కన నాలుగు మాటలు రాసే అలవాటు నిలబడాలంటే ఏం చేయాలి?

బొమ్మలు కాస్తో కూస్తో వచ్చని, రోజూ పేపర్లో చూసిన ఒక మనిషిని గీసి పక్కన మనసులో మాట రాసుకుందామని రెండుసార్లు మొదలుపెట్టి వారం తిరగకుండానే ఆపేశారని, పోలికలు కుదరకపోవడమే కారణమని రాశారు. నేను ఈ పని పదేళ్ళకు పైగా చేస్తున్నాను. ముందే ఒక మాట చెప్పేస్తా: పోలిక కుదరలేదని ఆపేయకండి, అది దానంతటదే వస్తుంది. ఇందులో కష్టం వేరే చోట ఉంది.

మాది ఖమ్మం. ఒకప్పుడు గోడ రాతలు, సినిమా కటౌట్లు, ఎన్నికల బ్యానర్లు రాసేవాణ్ణి. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది, ఇప్పుడు నంబర్ ప్లేట్లు, స్టిక్కరింగ్ షాపు నడుపుతున్నా. పొద్దున ఆరున్నరకల్లా పేపరు వస్తుంది, తొమ్మిదింటికి షాపు తీయాలి, ఆ మధ్యలో బొమ్మకి 20 నిమిషాలు, రాతకి 10 నిమిషాలు. ఇప్పటికి రెండు వందల పేజీల పుస్తకాలు 18 నిండాయి.

మొదలుపెట్టింది 2015 జూలై 28న. ముందు రోజు సాయంత్రం షిల్లాంగ్‌లో విద్యార్థులకు ఉపన్యాసం ఇస్తూ అబ్దుల్ కలాం గారు కూలిపోయారు కదా, తెల్లారి పేపర్ల నిండా ఆయనే. కూర్చుని బాల్ పెన్నుతో వేశాను. మా ఆవిడ చూసి "కలాం గారేగా" అంది, టీ తెచ్చిన పిల్లాడూ గుర్తుపట్టాడు, ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆ ఊపులో తర్వాత నాలుగు రోజులు నలుగుర్ని వేస్తే ఒక్కరినీ ఎవరూ పోల్చలేదు. అప్పుడు మొదటి పేజీకి వెళ్ళి బొటనవేలితో జుట్టు మూసి చూశాను. కింద ఉన్నది కలాం గారు కాదు, ఎవరో ఒక పెద్దాయన. నడిమి పాపిట తీసి రెండు వైపులా జారిన ఆ తెల్ల జుట్టు ఎవరు వేసినా కలాం గారే కనిపిస్తారు. అందరూ గుర్తుపట్టింది ఆ జుట్టునే, నేను ముఖం చూడనే లేదు.

మీరు కూడా ఇది చేసి చూడండి. బాగా కుదిరిందనుకున్న బొమ్మలో ఆ మనిషికి గుర్తుగా ఉన్నదాన్ని, అంటే తలపాగానో, కళ్ళజోడునో, మీసాన్నో, వేలితో మూసి చూడండి. మన్మోహన్ సింగ్ గారి నీలి తలపాగా, పీవీ గారి ముందుకొచ్చిన మూతి, ఇవన్నీ ఇట్లాంటివే. 2024 ఫిబ్రవరిలో పీవీ గారికి భారతరత్న ప్రకటించినప్పుడు ఆయన్ని మూతి లేకుండా వేయాలని పట్టుబట్టి, ఉత్తరీయం అంచు నోటి దాకా వచ్చినట్టు కప్పేసి వేశాను. మూడు పేజీలు పోయాక తెలిసింది, ఆయన ఆయనలా ఉండేది బరువుగా వాలిన ఆ పై రెప్పల వల్ల, వినడం అయిపోయినా జవాబు ఇంకా చెప్పని మనిషి చూపు అది. మూతి ఒక్కటే పట్టుకుంటే ఆ రెప్పల దాకా ఎప్పటికీ వెళ్ళం.

ఇక పద్ధతి. మేం కటౌట్లు వేసేటప్పుడు ఫోటో మీద గళ్ళు కొట్టి, అంగుళానికి అడుగు లెక్కన ప్లైవుడ్ మీదికి ఎత్తేవాళ్ళం. గళ్ళు కొడితే పోలిక తప్పకుండా వస్తుంది. కానీ గడిలో గడి చూసుకుంటూ పోతాం తప్ప మనిషిని చూడం, ముప్పై అడుగుల ముఖం వేసి దిగాక ఆ ముఖం నాకు గుర్తుండేది కాదు. అందుకే పుస్తకంలో గళ్ళు పెట్టను, రబ్బరు కూడా పెట్టుకోను. జెల్ పెన్ను, మామూలు తెల్ల కాగితం పుస్తకం, అరచేయంత బొమ్మ. పెద్దది వేయబోతే గంట పడుతుంది, గంట రోజూ దొరకదు, మీరు వారంలో ఆపేసింది అందుకే అయ్యుంటుంది. ముందు కళ్ళు సగం మూసి ఫోటో చూస్తే ముఖంలో నీడలు ఎక్కడ ముద్దగా ఉన్నాయో తెలుస్తుంది, ఆ ముద్దలు పెట్టండి, తర్వాత తల మెడ మీద ఎటు వాలి ఉందో అది పట్టుకోండి. కళ్ళు, ముక్కు చివర్లో. మనం వీధి చివర నుంచి వస్తున్న చుట్టాన్ని ముక్కు చూసి గుర్తుపట్టం కదా, నడక చూసి, భుజాలు చూసి పడతాం. బాపు గారి బొమ్మల్లో నాకు ఇప్పటికీ అదే ఆశ్చర్యం, ముఖం కనపడని మనిషికి కూడా వీపు మీద ఒక్క గీతలో ఎవరో, ఏ మూడ్‌లో ఉన్నారో చెప్పేస్తారు.

2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో గుకేశ్ పద్నాలుగో గేములో డింగ్ లిరెన్‌ని ఓడించి 18 ఏళ్ళకే ప్రపంచ చెస్ చాంపియన్ అయ్యాడు కదా. మర్నాడు నేను వేసిన బొమ్మలో ముఖం సరిగ్గా లేదు, చేతుల వెనక ఉంది. గెలుపు ఖాయమని తెలియగానే ఆ కుర్రాడు ఏడ్చేశాడు, తర్వాత బోర్డు మీద పావులన్నీ ఒక్కొక్కటీ తిరిగి వాటి స్థానాల్లో పేర్చాడు. నేను పక్కన రాసుకున్నది ఆ పావుల గురించే: "ఇంత జరిగాక కూడా చేతికి అలవాటు తప్పలేదు. ఎన్ని వేల సార్లు పేర్చి ఉంటాడు." రికార్డులు, పాయింట్లు ఏమీ రాయలేదు, అవి పేపర్లో ఉన్నాయి.

రాత గురించి అడిగారు కాబట్టి చెప్తున్నా, వార్తని మళ్ళీ రాయకండి. ఆ 20 నిమిషాలు చూశాక మీకు మాత్రమే కనపడింది ఏదో ఒకటి ఉంటుంది, అది రాయండి, ఒక్క వాక్యమైనా చాలు. తేదీ తప్పకుండా వేయండి. పేజీ కింద రెండు వేళ్ళ జాగా ఖాళీగా వదలండి. ఎందుకంటే వార్త ఆ రోజుతో అయిపోదు. నేను ఒకసారి అరెస్టయిన ఒక ఉద్యోగి బొమ్మ వేసి, పక్కన ఘాటుగా నాలుగు లైన్లు రాశాను. రెండేళ్ళకు కోర్టు ఆయన తప్పేమీ లేదని కేసు కొట్టేసింది, ఆ వార్త లోపలి పేజీలో ఎక్కడో మూలన వచ్చింది, బొమ్మ లేదు. పాత పుస్తకం తీసి ఆ పేజీ కింద తేదీతో సహా అది రాశాను. పై లైన్లు కొట్టేయలేదు, నేనేమనుకున్నానో కూడా ఉండాలని.

ఇంకో తప్పు కూడా చెప్పాలి, ఇది ఇప్పటికీ బాధే. మా వైపు ఒక చిన్న నాయకుడు, పేరు వద్దు. ఆయన దవడ ఒక పక్కకి ఉంటుంది. ఏదో మాట తప్పాడని కోపంలో ఆ దవడని ఇంత పెద్దది చేసి వేసి, కింద ఒక వెటకారం రాసి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. బాగా తిరిగింది. వారం తర్వాత ఒకతను బండి నంబర్ ప్లేటు కోసం షాపుకొచ్చి, పని అయ్యేదాకా ఏం మాట్లాడకుండా కూర్చుని, డబ్బులిస్తూ "అన్నా, మా వాడు చిన్నప్పుడు బండి మీంచి పడ్డాడు, అప్పుడు విరిగిన దవడ అది. మాట తప్పిన సంగతి రాస్తే మేమేమీ అనం" అని వెళ్ళిపోయాడు. గొడవ పడినా బాగుండేది. ఆ రోజు నుంచీ ఒక నియమం పెట్టుకున్నా: మనిషి చేసిన పనిని ఎంతైనా పెద్దది చేస్తాను, దేవుడిచ్చిన ఒంటిని కాదు. అంటే క్యారికేచర్ తప్పని కాదండి. సాక్షి కార్టూనిస్టు పామర్తి శంకర్ గారు వేసిన నెల్సన్ మండేలా క్యారికేచర్‌కి 2014లో వరల్డ్ ప్రెస్ కార్టూన్ పోటీలో గ్రాండ్ ప్రి వచ్చింది, వెతికి చూడండి. కొలతలన్నీ దాటి వేసినా ఎక్కడా చిన్నచూపు ఉండదు. ముఖం సాగదీయడానికి, ముఖాన్ని ఎగతాళి చేయడానికి తేడా ఆ ఒక్క బొమ్మ చూస్తే తెలిసిపోతుంది.

వేయకూడని వాళ్ళు కూడా ఉన్నారు. అత్యాచార బాధితులు, కేసుల్లో ఉన్న పిల్లలు, వీళ్ళని గుర్తుపట్టేలా చూపించడం చట్ట ప్రకారమే తప్పు, చట్టం లేకపోయినా నేను వేయను. శవం దగ్గర ఏడుస్తున్న వాళ్ళ ముఖాలు కూడా వేయను. 2023 నవంబర్‌లో ఉత్తరాఖండ్ సిల్‌క్యారా సొరంగంలో 41 మంది కార్మికులు 17 రోజులు ఇరుక్కుపోయి బయటికొచ్చినప్పుడు, పెద్ద యంత్రం విరిగిపోతే చివరి పది పన్నెండు మీటర్లు చేత్తో తవ్విన ర్యాట్‌హోల్ మైనర్ల, అంటే ఎలుక బొరియల్లాంటి ఇరుకు దారులు తవ్వేవాళ్ళ ముఖాలు ఎంతో ఇష్టంగా వేశాను, ఆ మట్టి, ఆ నవ్వు, పెన్ను ఆగలేదు. అదే 2025 ఫిబ్రవరిలో మన దోమలపెంట దగ్గర ఎస్ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమ గట్టు కాలువ) సొరంగం కూలి ఎనిమిది మంది లోపల ఉండిపోయినప్పుడు ముఖాలు వేయబుద్ధి కాలేదు. సొరంగం నోటి దగ్గర నిలబడి లోపలికి చూస్తున్న వాళ్ళ వీపులు వేశాను. పక్కన ఏమీ రాయలేదు, తేదీ ఒక్కటే ఉంది. రాయలేని రోజు రాయకపోయినా ఫర్వాలేదు, బొమ్మ మాత్రం మానకండి.

మానాలనిపించే రోజులు వస్తాయి, నాకు 2022-23 చలికాలంలో వచ్చింది, సినిమావాళ్ళు వరసగా పోయారు. నవంబర్ 15న కృష్ణ గారు, డిసెంబర్ 23న కైకాల, 25న చలపతిరావు గారు, జనవరి 27న జమున గారు, ఫిబ్రవరి 2న విశ్వనాథ్ గారు, 4న వాణీ జయరాం. ఒకరి పేజీ సిరా ఆరకముందే ఇంకొకరు. వీళ్ళలో సగం మంది కటౌట్లు, పోస్టర్లు నా చేత్తో వేసినవాణ్ణి నేను. పుస్తకం తిప్పుతుంటే అంతా నివాళి పేజీలే. అప్పుడు మా ఆవిడ అడిగింది, "పోయినవాళ్ళనే వేస్తావా, ఉన్నవాళ్ళని వేయవా?" అని. నిజమే, పేపరు మొదటి పేజీ పట్టుకుని కూర్చుంటే పదవిలో ఉన్నవాళ్ళు, పోయినవాళ్ళు తప్ప ఎవరూ దొరకరు. అప్పటినుంచి వారంలో మూడు రోజులు జిల్లా పేజీలోంచే తీసుకుంటున్నా. మిర్చి యార్డులో తేజ రకం మిర్చి బస్తా మీద తల పెట్టి పడుకున్న రైతు, పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యంతో తిరిగొచ్చిన వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవంజి దీప్తి, ఇట్లా. ఈ మార్పు లేకపోతే నేనూ ఆపేసేవాణ్ణే, మీకు నేనిచ్చే సలహాల్లో ఇది అన్నిటికన్నా ముఖ్యం.

వనజీవి రామయ్య గారి గురించి చెప్పి ఆపేస్తా. దరిపల్లి రామయ్య, మా ఖమ్మం పక్కనే రెడ్డిపల్లి. కోటికి పైగా మొక్కలు నాటారని చెప్పుకునే మనిషి, జేబుల నిండా విత్తనాలతో తిరిగేవారు, "వృక్షో రక్షతి రక్షితః" అని రాసిన గుండ్రటి బోర్డు తలకి పెట్టుకుని రోడ్డు మీద ఎన్నోసార్లు ఎదురొచ్చారు. 2017లో పద్మశ్రీ వచ్చినప్పుడు ఆయన్ని వేశాను. అక్షరాలు రాసి బతికినవాణ్ణి కదా, ఆ బోర్డు మీద ప్రతి అక్షరం, ఒత్తులతో సహా ముచ్చటగా దిద్దాను, చూసిన వాళ్ళంతా రామయ్య గారే అన్నారు. 2025 ఏప్రిల్ 12న ఆయన పోయారు. మర్నాడు మళ్ళీ కూర్చుని పాత పుస్తకం తీసి పక్కన పెట్టుకున్నా. ఆ పాత బొమ్మలో బోర్డు ఉంది, దాని మధ్యలో ముఖానికి ఐదారు గీతలు మాత్రం ఉన్నాయి. ఎనిమిదేళ్ళ కిందట కూడా నేను కలాం గారి జుట్టే వేశానన్నమాట. ఈసారి ముఖం ముందు మొదలుపెట్టా. ఎండకి ముడుచుకుని ముడుచుకుని కళ్ళ పక్కన పడ్డ ముడతలు, వాటిలో ఒకటి చెవి దాకా వెళ్తుంది, గడ్డం కింద నరం, పెదాలు కొంచెం తెరిచి ఎదుటివాడికి ఏదో చెప్పబోతున్నట్టు. 20 నిమిషాలు దాటి 40 అయింది, షాపు లేటుగా తీశాను. బోర్డు కోసం ఒక్క గుండ్రటి గీత గీసి వదిలేశా, అందులో అక్షరాలు లేవు. పక్కన రాసింది ఇదీ: "ఇన్నిసార్లు ఎదురుపడ్డాను, ఒక్కసారి బండి ఆపి మాట్లాడి ఉండాల్సింది."

ఆ పేజీ కింద కూడా రెండు వేళ్ళ జాగా వదిలాను. వానలు పడ్డాక షాపు ముందు ఒక కానుగ మొక్క పెట్టి, ఆ సంగతి అక్కడ రాశాను.

మీరు రేపటి పేపర్లో జిల్లా పేజీతో మొదలుపెట్టండి. మొదటి పుస్తకం ఎవరికీ చూపించకండి, పేజీలు చింపకండి, కుదరనివి కూడా ఉండనివ్వండి. ముప్పై బొమ్మలయ్యాక మీకు నచ్చని ఒకటి ఇక్కడ పెట్టండి, ఎక్కడ చూడలేదో ఇద్దరం కలిసి చూద్దాం.