భాషా సందేహాలు: ఇంగ్లీషుకు నేటివ్ స్పీకర్ ఎవరు?

ప్రశ్న: మా అబ్బాయి నర్సరీ నుంచీ ఇంగ్లీషు మీడియమే. ఇంట్లో తెలుగు మాట్లాడతాం గానీ వాడికి తెలుగు చదవడం, రాయడం రాదు. పుస్తకాలు, స్నేహితులతో కబుర్లు అన్నీ ఇంగ్లీషులోనే. విదేశీ యూనివర్సిటీ దరఖాస్తులో 'నేటివ్ ఇంగ్లీష్ స్పీకర్' అని రాయవచ్చా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: రాయకండి. అక్షరాలు రాకపోవడం వేరు, భాష రాకపోవడం వేరు. బడికి వెళ్లకముందు బాబు అన్నం అడిగిందీ, అలిగిందీ, అబద్ధమాడిందీ ఏ భాషలో? అదే అతని సొంత భాష. మన జనాభా లెక్కలవాళ్లు కూడా చిన్నప్పుడు తల్లి బిడ్డతో మాట్లాడిన భాషనే మాతృభాషగా రాసుకుంటారు. తల్లి పసితనంలోనే పోయి ఉంటే, అప్పట్లో ఆ ఇంట్లో ఎక్కువగా మాట్లాడిన భాష రాస్తారు. బడి మీడియానికి అందులో చోటు లేదు.

'ఫస్ట్ లాంగ్వేజ్' అన్నచోట తెలుగు అని రాస్తే సీటేమీ పోదు. యూనివర్సిటీలు చూసేది ఐఈఎల్‌టీఎస్ లేదా టోఫెల్ స్కోరు. కొన్ని ఇంటర్ ఇంగ్లీషు మార్కులతోనో, మీడియం సర్టిఫికెట్‌తోనో సరిపెట్టుకుంటాయి. ఒకచోట నేటివ్ అని రాసి, ఇంకోచోట ఇంటి భాష తెలుగు అని రాస్తేనే చిక్కు.

వీసా లెక్క పూర్తిగా వేరు, అక్కడ పాస్‌పోర్టు మాట్లాడుతుంది. బ్రిటన్ నిబంధనల ప్రకారం జమైకా, మాల్టా, గయానా పౌరులు ఇంగ్లీషు వచ్చని విడిగా రుజువు చేసుకోనక్కర్లేదు. భారతీయులు చేసుకోవాలి. ఇంగ్లీషులో బోధించిన డిగ్రీ ఉన్నవారు, విదేశీ డిగ్రీలను పరిశీలించే బ్రిటన్ సంస్థ ఎక్టిస్ ఇచ్చే ధ్రువపత్రాన్ని రుజువుగా చూపవచ్చు.

ప్రశ్న: మా మనవరాలు డల్లాస్‌లో పుట్టింది. నాలుగేళ్లదాకా తెలుగు తప్ప ఇంకోటి ఎరగదు. ఇప్పుడు తొమ్మిదేళ్లు, నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెబుతుంది. దాని భాష ఏదని చెప్పాలి?
– ఒక అమ్మమ్మ

జవాబు: రెండూ పాప భాషలేనమ్మా. ఒక మనిషికి ఒక్క సొంత భాషే ఉండాలన్న నియమం లేదు. నాలుగేళ్లకు మొదలైన ఇంగ్లీషు ఆలస్యమేమీ కాదు. హార్ట్‌షోర్న్, టెనెన్‌బామ్, పింకర్ అనే పరిశోధకులు సుమారు 6.7 లక్షల మందికి ఆన్‌లైన్‌లో వ్యాకరణ పరీక్ష పెట్టి 2018లో ఫలితాలు ప్రకటించారు. వ్యాకరణం పట్టుకునే శక్తి దాదాపు 17 ఏళ్లదాకా గట్టిగానే ఉంటుందనీ, అయితే పుట్టుకతో మాట్లాడేవారి స్థాయి అందుకోవాలంటే 10–12 ఏళ్లలోపు మొదలుపెట్టాలనీ అందులో తేలింది.

మీరు చూసుకోవాల్సింది తెలుగును. అది ఎక్కడ పలచబడుతుందో ముందే తెలుసుకోవచ్చు. ఇంగ్లీషులో 'వి' ఒక్కటే కాబట్టి మనం, మేము కలిసిపోతాయి. 'అమ్మ వచ్చాడు' మొదలవుతుంది. 'నాకు ఆకలేస్తోంది' పోయి 'నేను ఆకలిగా ఉన్నాను' వస్తుంది. తప్పని ఆపి సరిదిద్దకండి, ఆపితే పిల్ల ఆ భాషే మానేస్తుంది. "మనం బడిలో పాట పాడాం" అని పాప మీతో అంటే, "అలాగా! మేమూ చిన్నప్పుడు పాడేవాళ్లం" అని సరైన మాటను మీ జవాబులో కలిపి అందించండి. ఇంగ్లీషులో బదులిచ్చినా మీరు మాత్రం తెలుగు వదలకండి.

ప్రశ్న: మన దేశంలో అసలు ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లు ఉన్నారా?
– విద్యార్థి, కర్నూలు

జవాబు: ఉన్నారు. 2011 జనాభా లెక్కల్లో 2,59,678 మంది అలా చెప్పుకున్నారు. తరతరాలుగా ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడుతున్న ఆంగ్లో ఇండియన్లు మనకు దగ్గర్లోనే, సికింద్రాబాద్ లాలాగూడ రైల్వే ప్రాంతంలో ఉన్నారు.

ప్రశ్న: ఎం.ఏ. ఇంగ్లీషు చేసి, పదేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఆన్‌లైన్ ట్యూటర్ ప్రకటనల్లో 'నేటివ్ స్పీకర్లకు మాత్రమే' అంటున్నారు. యాస మార్చుకుంటే లాభం ఉంటుందా?
– ఒక ఉపాధ్యాయుడు, విజయవాడ

జవాబు: ముందు ఆ షరతు దేని మీద పెట్టారో కనుక్కోండి. చాలాచోట్ల అది పాస్‌పోర్టు మీద. దక్షిణ కొరియా భాషా బోధకుల ఈ-2 వీసా ఇంగ్లీషు విషయంలో ప్రధానంగా అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఐర్లాండ్, దక్షిణాఫ్రికా పౌరులకే. అక్కడ యాస ఎంత మార్చినా పని జరగదు.

కొన్నిచోట్ల అది ముఖం మీద. డొనాల్డ్ రూబిన్ అనే పరిశోధకుడు 1992లో ప్రచురించిన అధ్యయనంలో, అమెరికాలో ఒకే మహిళ, అదీ ఇంగ్లీషే సొంత భాషగా ఉన్న మహిళ, చెప్పిన పాఠాన్ని రెండు గుంపుల విద్యార్థులకు వినిపించారు. ఒక గుంపుకు తెల్లజాతి మహిళ ఫొటో, ఇంకో గుంపుకు ఆసియా మహిళ ఫొటో చూపించారు. ఆసియా ఫొటో చూసినవాళ్లు లేని యాసను విన్నారు, పాఠం కూడా తక్కువగా అర్థం చేసుకున్నారు. అలాంటి ప్రకటనల వెంట పడకుండా స్కోరు, బోధనా శిక్షణ అడిగేవారికే దరఖాస్తు చేయండి. ఐఈఎల్‌టీఎస్ మార్కు, సెల్టా వంటి ఇంగ్లీషు బోధనా శిక్షణ సర్టిఫికెట్, ఐదు నిమిషాల డెమో పాఠం వీడియో కలిపి పంపండి.

అయినా ఉచ్చారణ మీద కొంత శ్రమ పెట్టడం మంచిదే, అవతలివాళ్లకు సులువుగా అర్థమయ్యేంత వరకు. తెలుగువాళ్ల ఇంగ్లీషు అర్థం కాకపోవడానికి పెద్ద కారణం ఊనిక, అంటే మాటలో ఒక అక్షరాన్ని నొక్కి పలకడం (స్ట్రెస్). మనం అక్షరాలన్నీ ఇంచుమించు సమానంగా పలుకుతాం. ఇంగ్లీషులో ఊనిక ఉన్న అక్షరం సాగుతుంది, మిగతావి నలిగిపోతాయి. 'ఫొటోగ్రాఫ్'లో ఊనిక మొదటి అక్షరం మీద, 'ఫొటోగ్రఫీ'లో రెండోదాని మీద. 'డెవలప్'లోనూ రెండోదే. తర్వాతిది మాట మొదట్లో వచ్చే ప, ట, క. వాటి వెంట కాస్త ఊపిరి వదలకపోతే అమెరికన్ చెవికి 'పెన్' 'బెన్'లా వినిపిస్తుంది. నోటి ముందు పలుచని కాగితం పట్టుకుని పలకండి, అది కదలాలి. 'వెస్ట్' అన్నప్పుడు పడమర దిక్కు (west) అయితే పెదవులు గుండ్రంగా చుట్టాలి, బనియను (vest) అయితే పైపళ్లు కింది పెదవిని తాకాలి. ఎగ్ ముందు 'య', ఓన్లీ ముందు 'వ' చేరకుండా చూసుకోండి.

ఇవన్నీ ఒక్కసారే పెట్టుకోకండి. రెండు నిమిషాలు మాట్లాడి రికార్డు చేసి, మొదటి వారం ఊనిక ఒక్కటే వినండి. సందేహం వచ్చిన ప్రతి మాటకూ నిఘంటువు చూడండి. ఊనిక ఉన్న అక్షరానికి ముందు పైన చిన్న నిలువు గీత ఉంటుంది.