తుపాను రాత్రి ఇంట్లోనే ఉండిపోతే ఆవును, మేకల్ని, కుక్కను ఎలా కాపాడుకోవాలి?

పర్లాకిమిడి దగ్గర మహేంద్రతనయ నది ఒడ్డుకు అర కిలోమీటరు దూరంలో మీ ఇల్లు. ఒక ఆవు, దూడ, ఆరు మేకలు, పది కోళ్ళు, ఒక కుక్క, రెండు పిల్లులు. షెల్టర్‌లోకి వీటిని రానివ్వరు, వీటిని వదిలి అమ్మ కదలనంటోంది, ఇంట్లోనే ఉండిపోవచ్చా అని అడిగారు. మీ ప్రశ్న చదివాక నిన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాది గోపాల్‌పూర్‌కీ బరంపురానికీ మధ్య ఊరు. 1999లోనూ, 2013లో ఫైలిన్ తుపానుకీ పశువులతో ఇంట్లోనే ఉన్నాం. 2018లో తిత్లీ తుపాను వచ్చిన రెండో రోజున మా అత్తగారి ఊరు వెళ్ళాను, అది మీ వైపే. ఆ మూడింటిలో చూసిందే రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. తుపాను అంటే మనం గాలి అనుకుంటాం. మాకు, అంటే సముద్రం పక్కన ఉన్నవాళ్ళకి, గాలీ ఉప్పెనా భయం. మీకు అసలు భయం కొండల మీంచి వచ్చే నీరు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. గాలికి ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు పడిపోయాయి. కానీ మీ గజపతి జిల్లాలో ప్రాణాలు తీసింది వాన. వంశధార, మహేంద్రతనయ పొంగాయి, బారాఘరా అనే ఊళ్ళో కొండచరియ విరిగి మనుషుల మీద పడింది. అప్పుడు మీ ఇంట్లోకి, మీ వీధిలోకి నీళ్ళు వచ్చాయా? వచ్చి ఉంటే ఇంట్లో ఉండే ఆలోచన వదిలేయండి. తుపాను తీరం దాటడానికి 48 గంటల ముందే వాతావరణ శాఖ హెచ్చరిక ఇస్తుంది. ఆ రోజే పగటిపూట ఆవును, మేకల్ని మెరక మీదున్న చుట్టాల ఇంటికో, తెలిసినవాళ్ళ కళ్ళానికో తోలేయండి. మా ఆవు గౌరి లేకుండా కదలను అని మా అమ్మా అంది. గౌరి ముందు బయలుదేరితే వెనకే వచ్చేది.

మీ ఇల్లు మెరక మీద ఉండి, కాంక్రీటు స్లాబు వేసినదైతే ఉండొచ్చు. అయితే పలుపు, అంటే పశువుని కట్టే తాడు, దాని సంగతి తేల్చుకోవాలి. ఇది నేను నొక్కి చెప్పాల్సిన విషయం.

1999 అక్టోబరు 17 రాత్రి మా దగ్గర గాలివాన కొట్టింది. అందరూ చెప్పుకునేది ఆ నెల 29న పారాదీప్ వైపు వచ్చిన సూపర్ సైక్లోన్ గురించి. మా ఊళ్ళో మాత్రం ముందు వచ్చిన దాని గురించే మాట్లాడతారు. నేను తొమ్మిదో తరగతి. మా నాన్న కర్రెద్దుని, మైలెద్దుని పశువుల సాలలోనే ఉంచి, బెదిరి పారిపోతాయని రెండేసి పలుపులు వేసి గట్టిగా కట్టారు. పలుపులు కొబ్బరి పీచువి. అర్ధరాత్రి సాల గోడ ఒరుగుతుంటే నాన్న లాంతరు పట్టుకుని పరిగెత్తారు, వెనకే నేను. పీచు తాడు తడిస్తే ఉబ్బుతుంది, ముడి రాయిలా బిగుసుకుపోతుంది. దానికి తోడు ఎద్దు వెనక్కి లాగుతోంది. నాన్న గోళ్ళతో, తరవాత పళ్ళతో లాగారు. ముడి వేలెడు కూడా జరగలేదు. కొడవలి వంటింట్లో చూరుకి ఉంది. నేను వెళ్ళి తెచ్చేసరికి మైలెద్దు పలుపు తెగింది, అది బయటపడింది. కర్రెద్దు మీద గోడ పడింది. ఆ తరవాత నాన్న బతికినంతకాలం ఏ గొడ్డుకీ రెండు ముళ్ళు వేయలేదు.

అందుకే చెబుతున్నాను. జారుముడి మాత్రమే వేయండి, కొస పట్టి ఒక్క లాగు లాగితే ఊడిపోవాలి. చీకట్లో, తడి చేత్తో నాలుగుసార్లు లాగి చూసుకోండి, మీ అమ్మగారి చేత కూడా లాగించండి. ఆవు ఉన్న గది గుమ్మం పక్కనే, చెయ్యి పెడితే తగిలే చోట, కొడవలి వేలాడదీయండి. రేకుల షెడ్డులో గానీ, చెట్టు కింద గానీ తుపానుకు ఏ జంతువునీ కట్టొద్దు. ఇంట్లో చోటు లేదనుకుంటే విప్పి ఆరుబయట మెరకకు వదలడమే మేలు. ఎగిరివచ్చే రేకు కంటే, మీద పడే కొమ్మ కంటే ఖాళీ పొలం నయం. నీళ్ళు గుమ్మం తాకితే ఇక ఆలోచించకండి, అన్నిటినీ విప్పేయండి. తిత్లీ తరవాత అత్తగారి ఊళ్ళో నదికి దగ్గరగా పక్కపక్కనే ఉన్న రెండు సాలలు చూశాను. ఒకాయన వరద శబ్దం వినగానే పలుపులు కోసేశాడు, ఆయన ఆవులు మూడూ రెండోరోజు గుట్ట మీద మేస్తూ దొరికాయి. పక్క సాలలోవి రాటలకు కట్టినవి కట్టినట్టే పోయాయి. ఆ ఇంటావిడ ఖాళీ రాటను చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. ఆమెతో ఏం మాట్లాడాలో నాకు తెలియలేదు.

ఫైలిన్‌కి మేం ఏం చేశామో చెబుతాను. 2013 అక్టోబరు 12, దుర్గాష్టమి. ఒడిశా, ఆంధ్ర కలిపి పది లక్షల మందికి పైగా ఇళ్ళు ఖాళీ చేశారు. మా ఊళ్ళో పూరిళ్ళవాళ్ళు, సముద్రం ఒడ్డున ఉండే జాలర్లు షెల్టర్‌కి వెళ్ళారు. మాది అప్పటికి స్లాబు ఇల్లు, మెరక మీద ఉంది, ఉండిపోయాం. గౌరి, దాని పెయ్యదూడ, లచ్చి అనే ఇంకో ఆవు, నాలుగు మేకలు, కోళ్ళు, బుజ్జి అనే కుక్క, ఒక పిల్లి.

ముందురోజు సాయంత్రమే ముందు గదిలో సామానంతా తీసేశాం. మాది ఎర్ర గచ్చు, దాని మీద ఆవు గిట్ట జారుతుంది. జారి పడితే తుంటి విరుగుతుంది, లేవదు. అందుకని ఇసుక పోసి, పైన గోనెసంచులు పరిచి, వాటి మీద ఊక చల్లాం. గచ్చు, టైల్స్ ఉన్నవాళ్ళు ఈ పని తప్పకుండా చేయాలి. చీకటి పడక ముందే ఆవుల్ని లోపలికి తెచ్చి అలవాటు చేశాం. గాలి మొదలయ్యాక ఇంటి గుమ్మం ఎక్కమంటే ఆవు ఎక్కదు. దూడను తల్లి కళ్ళ ముందే ఉంచండి, లేకపోతే రాత్రంతా అరిచి గింజుకుంటుంది. తుపానయినా పాలు మాత్రం తీయాల్సిందే, వదిలేస్తే పొదుగు వాస్తుంది.

పిల్లిని ముందురోజు మధ్యాహ్నమే గదిలో పెట్టి తలుపు వేసేయండి. వాతావరణం మారితే పిల్లి ఎక్కడో దూరి కూర్చుంటుంది, తరవాత వెతకలేరు. పిల్లిని పెట్టడానికి మేం పళ్ళు వచ్చే ప్లాస్టిక్ ట్రే మీద ఇంకో ట్రే బోర్లించి తాడుతో కట్టాం. కోళ్ళను గంపల కింద కమ్మి స్నానాల గదిలో పెట్టి, పైన గోనె కప్పాం, గాలి ఆడేలా ఒక పక్క వదిలి. చీకటి చేస్తే కోడి కదలదు. మేకలు వంటింట్లో. నీళ్ళు ఎంత నిలవ చేసినా చాలలేదు. పాడి ఆవు రోజుకు 50, 60 లీటర్లు తాగుతుంది, అంటే రెండు ఆవులకి 200 లీటర్ల డ్రమ్ము రెండు రోజులే. కరెంటు లేకపోతే మోటారు ఉండదు. మా వీధికి కరెంటు పందొమ్మిది రోజులకు వచ్చింది, అన్నాళ్ళూ చేద వేసి తోడుకున్నాం. గడ్డి ఒక్కో ఆవుకు రోజుకు ఐదారు కిలోలు లెక్కన కనీసం వారానికి సరిపడా ఇంట్లో అటక మీద పెట్టుకోండి. గడ్డిమేటు మీద టార్పాలిన్ కట్టాం గానీ, తెల్లారేసరికి టార్పాలిన్ లేదు, మేటు కూడా లేదు.

చీకటి పడ్డాక గాలి ఈశాన్యం నుంచి కొట్టింది. ఆ పక్క తలుపులకి బల్లలు, బియ్యం బస్తాలు అడ్డం పెట్టాం. బుజ్జి మంచం కింద దూరింది. బుజ్జగిస్తే భయం ఎక్కువవుతుందని కొందరు అంటారు, నేను నమ్మను. అమ్మ నేల మీద కూర్చుని దాని వీపు మీద చెయ్యి వేసి ఉంచింది, చెయ్యి తీసినప్పుడల్లా వణికింది. ఆవులు మాత్రం మేం అనుకున్నంత గోల చేయలేదు. గౌరి గోడ వైపు తల పెట్టి నిలబడిపోయింది, నెమరు కూడా వేయలేదు.

రాత్రి తొమ్మిది దాటాక గాలి ఒక్కసారిగా నిలిచిపోయింది. తలుపు తీస్తే చినుకు లేదు. అయిపోయిందనుకుని పక్కింటి కుర్రాడు టార్చి పట్టుకుని తన మేకల్ని చూడ్డానికి బయలుదేరాడు. మా బాబాయి కేకేసి వెనక్కి పిలిచారు. అది తుపాను కన్ను, మధ్యలో ఉండే నెమ్మది. అది దాటగానే గాలి ఎదురు దిక్కు నుంచి అదే జోరుతో వస్తుంది. ఆ సందులో నేను బుజ్జిని తాడు వేసి గుమ్మం పక్కకు తీసుకెళ్ళాను. మధ్యాహ్నం నుంచి బిగబట్టుకుందేమో, చాలాసేపు పోసుకుంది. నా కాలికి ఆనుకునే నిలబడింది. తాడు లేకుండా మాత్రం కుక్కను బయటికి వదలకండి.

ఆ తరవాత నైరుతి నుంచి కొట్టింది. వంటింటి తలుపు అటువైపే. దానికి మేం ఏమీ అడ్డం పెట్టలేదు. గడియ ఊడి తలుపు మేకల మీద పడింది, ఒక పిల్లకి కాలు విరిగింది. నాలుగు దిక్కులా తలుపులు బిగించుకోండి. జంతువుల్ని ఏ తలుపుకీ, కిటికీకీ ఎదురుగా పెట్టకండి.

తెల్లారాక కష్టం ఇంకా ఎక్కువ. మొదటి గంట ఏ జంతువునీ వదలొద్దు. మీలో ఒకరు కర్ర పట్టుకుని వీధి చివరిదాకా వెళ్ళి, తెగిన కరెంటు తీగలున్నాయా, అవి నీళ్ళలో పడ్డాయా చూసి రావాలి. లైను కట్టేశారు అని ఎవరన్నా నమ్మకండి, తీగ ఉన్న వైపు పోవద్దు. గడ్డి, కట్టెల మోపు చేత్తో ఎత్తకండి, ముందు కర్రతో కదపండి. పాములకి కూడా పొడి నేల కావాలి. పడిపోయిన చెట్ల ఆకు మేకలకి పండగే, కానీ పెరళ్ళలో గన్నేరు కొమ్మలు కూడా పడి ఉంటాయి. గన్నేరాకు కొంచెం తిన్నా మేక బతకదు, ఆవు కూడా. మా వీధిలో ఒకరి మేక అలాగే పోయింది, తుపాను మొత్తం గట్టెక్కిన మేక. తడిసిన బియ్యం పారేయడం ఇష్టంలేక ఆవుకు గంపెడు పెట్టేవాళ్ళుంటారు. కడుపులో పులిసి ఆవు పడిపోతుంది, పెట్టకండి. వరద బురద పట్టిన పచ్చగడ్డి కూడా కొన్నాళ్ళు వద్దు.

ఊరంతా తడిగా ఉన్నప్పుడు పశువులకి గొంతువాపు రోగం వస్తుంది. తొలకరికి ముందే టీకా వేయించి ఉంటే భయం తక్కువ. మీరు వేయించకపోతే తుపాను కబురు కోసం ఆగకుండా ఈ వారమే పశువుల ఆసుపత్రికి వెళ్ళండి. కుక్కకి రేబిస్ టీకా కూడా చూసుకోండి, తుపాను తరవాత వీధి కుక్కలు ఆకలితో కొట్టుకుంటాయి.

పశువుల ఫోటోలు ఇప్పుడే తీసి పెట్టుకోండి. చెవి పోగు మీద 12 అంకెల నంబరు ఉంటుంది, అది కనబడేలా, పక్కన మీరో మీ అమ్మగారో నిలబడి. 2022లో సవరించిన విపత్తు సహాయ ప్రమాణాల్లో పాడి ఆవు పోతే 37,500 రూపాయలు, దూడకు 20,000, మేకకు 4,000, కోడికి 100 అని రాశారు. తిత్లీ అప్పుడు రేట్లు ఇంతకంటే తక్కువే, ఆ తక్కువ కోసం కూడా అత్తగారి పక్కింటాయన ఒక ఆఫీసు చుట్టూ నెలల తరబడి తిరిగారు. ఆవు ఉండేదనడానికి ఆయన దగ్గర కాగితం ముక్క లేదు. పశువు చనిపోతే ఫోటో తీసి, పశువైద్యుడికి చూపించి, అప్పుడు లోతుగా గుంట తీసి సున్నం చల్లి పూడ్చండి. ఆ అవసరం మీకు రాకూడదనే కోరుకుంటున్నాను.

బుజ్జి నెలరోజుల పాటు గాలి కొంచెం గట్టిగా వీస్తే చాలు మంచం కిందికి వెళ్ళిపోయేది. కాలు విరిగిన మేకపిల్లకి వెదురు బద్దలు కట్టాం, కొంచెం కుంటుతూనే పెద్దదై రెండు ఈతలు ఈనింది.

మీ ఆవు చూలుతో ఉందో లేదో రాయలేదు. నెలలు నిండుతుంటే దాన్ని నడిపించడం, గదిలో ఉంచడం వేరుగా చూసుకోవాలి. ఎన్నో నెలో రాయండి, ఈ రాత్రే జవాబు రాస్తాను.