కొత్త ఎంపీకి పాత పీఏ ఉత్తరం

అమ్మాయీ,

"గౌరవనీయులైన పార్లమెంటు సభ్యురాలికి" అని మొదలుపెట్టి కొట్టేశాను. పలక పట్టుకున్నప్పటి నుంచి నిన్ను చూస్తున్నవాడిని, ఆ పిలుపు నా చేతికి రాలేదు. తొలి సమావేశాలకు వెళ్తున్నావనీ, నాలుగు మాటలు రాయమనీ మీ నాన్న ఫోను చేశాడు. ముప్పై ఏళ్లు ఢిల్లీలో ఎంపీల దగ్గర పీఏగా పనిచేశాను. సభలో నేను నోరు విప్పింది లేదు. అక్కడ మాట్లాడినవాళ్ల కాగితాలు రాసింది, తర్వాత వచ్చిన జవాబులు విప్పి చదివింది మాత్రం నేనే. అందుకని ఉపన్యాసాల జోలికి పోను. అవి నాకంటే నీకే బాగా వచ్చు.

ముందు నా తెలివితక్కువతనం ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఎంపీ గారు ఒక మండలంలో తాగునీటి ఎద్దడి మీద ప్రశ్న రాయమన్నారు. "ప్రజల దాహం ఈ ప్రభుత్వానికి పట్టదా?" అంటూ పేజీ నిండా రాశాను. తిరిగి వచ్చింది. ప్రశ్నలో వాదన, వ్యంగ్యం, ఆరోపణ ఉండకూడదు. పైగా నీటి సరఫరా రాష్ట్రం బాధ్యత. లోక్‌సభ సెక్రటేరియట్‌లో ఒక పెద్దాయన నన్ను కూర్చోబెట్టి, కోపమంతా తీసేసి మూడు ముక్కలు మిగిల్చాడు. కేంద్ర పథకం కింద ఆ జిల్లాకు గత మూడేళ్లలో ఎంత విడుదలైంది? ఎంత ఖర్చయింది? వినియోగ ధ్రువపత్రాలు ఎప్పుడు అందాయి? వచ్చిన జవాబులో డబ్బు వచ్చినట్టుంది, ఖర్చయినట్టు లేదు. ఆ ఒక్క కాగితం పట్టుకుని ఎంపీ గారు కలెక్టరేటుకు వెళ్తే నెలల తరబడి కదలని ఫైలు కదిలింది. నేను రాసిన ఆ పేజీ వెళ్లి ఉంటే పేపర్లో ఫోటో వచ్చేది, అంతే.

మీ నియోజకవర్గం బాధ ఏదైనా సరే, అందులో కేంద్రం చేతిలో ఉన్న కొస ఏదో ముందు వెతుకు. ఊరి రోడ్డు రాష్ట్రానిదే కావచ్చు, గ్రామ సడక్ యోజన నిధుల్లో పెద్ద వాటా కేంద్రానిది. మిర్చి ధర మార్కెట్ యార్డులో పడిపోతుంది, ఎగుమతి విధానం ఢిల్లీలో తయారవుతుంది. జాతీయ సమస్య, స్థానిక సమస్య అని రెండు వేరువేరు సంచులు పెట్టుకోకు. మీ ఊరి రైల్వే గేటు దగ్గర అంబులెన్సు ఆగిపోతుంటే ఆ ఒక్క గేటు గురించే అడిగితే, "పరిశీలనలో ఉంది" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. మంజూరై మొదలుకాని పైవంతెనలు రాష్ట్రంలో ఎన్ని, ఏ ఏడాది మంజూరైనవి, ఒక్కోటి ఎందుకు ఆగింది అని అడుగు. జవాబుకు అనుబంధంగా పట్టిక వస్తుంది. అందులో మీ గేటు ఉంటుంది, పక్క జిల్లాల గేట్లూ ఉంటాయి. ఆ జిల్లాల ఎంపీలు, వేరే పార్టీ వాళ్లైనా, నీ వెంట వస్తారు.

ఒక జాగ్రత్త. పైవంతెనల విషయంలో "రాష్ట్ర ప్రభుత్వం భూమి ఇవ్వలేదు" అన్న జవాబు దాదాపు సిద్ధంగా ఉంటుంది. కాబట్టి ప్రశ్న వేయకముందే భూసేకరణ ఎక్కడిదాకా వచ్చిందో తెలిపే ఉత్తరం కలెక్టరు దగ్గర తీసుకుని ఉంచుకో. దానికి చోటు కూడా ఉంది. కేంద్ర పథకాలను సమీక్షించే జిల్లా 'దిశ' కమిటీకి ఎంపీయే అధ్యక్షులు. మూడు నెలలకొకసారి జరగాలి. చాలామంది దాన్ని సన్మాన సభలా నడిపిస్తారు, నాకు అదొక బాధ. సగం ప్రశ్నలు అక్కడే దొరుకుతాయి, కొన్నిటికి జవాబులు కూడా.

ఇక లెక్కలు. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలు (మంత్రి సభలో నోటితో జవాబు చెప్పేవి), 230 గుర్తు లేనివి (రాతపూర్వక జవాబుతో సరిపెట్టేవి). కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. మంత్రిత్వ శాఖలను ఐదు గుంపులు చేసి ఒక్కో గుంపుకు వారంలో ఒక రోజు ఇస్తారు, ఏది ఏ రోజో ఆ పట్టిక గోడకు అంటించుకో. ఎవరి ప్రశ్న ముందన్నది లాటరీ. నక్షత్ర గుర్తు దక్కిందని పొంగిపోకు. ప్రశ్నోత్తరాల గంటలో నోటిదాకా వచ్చేవి కొద్దే, మిగిలినవాటికి రాతపూర్వక జవాబే. నీ వంతు నిజంగా వస్తే రెండు అనుబంధ ప్రశ్నలు అడగవచ్చు. మొదటిది రాసుకుని వెళ్లు. రెండోది మాత్రం రాసుకోకు, మంత్రి చెప్పేది విని అందులోంచే అడుగు. కాగితం చూసి రెండోది కూడా చదివేసేవాళ్లను గ్యాలరీ నుంచి చూసి తల పట్టుకునేవాడిని.

అప్పటికప్పుడు అత్యవసర విషయాలు లేవనెత్తే జీరో అవర్ నిబంధనల పుస్తకంలో లేదు, ఆనవాయితీగా వచ్చింది. ఆ వీడియో ముక్క ఊళ్లో తిరుగుతుంది కాబట్టి అందరికీ దానిమీదే మోజు. తప్పులేదు, వాడుకో, మొదటి వాక్యంలోనే ఊరి పేరు, కోరిక చెప్పేయి, తర్వాత మైకు ఎప్పుడు ఆగుతుందో తెలియదు. 377 నిబంధన కింద ఇచ్చే అంశం ఇంత మెరవదు. 250 పదాలకు మించకూడదు, ఆమోదించిన పాఠమే చదవాలి. కాని దానికి మంత్రిత్వ శాఖ నుంచి జవాబు ఉత్తరం వస్తుంది. నేనైతే దాన్నే ఎంచుకుంటాను.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇప్పుడు చెబుతున్నాను. మంత్రి "పరిశీలిస్తాం" అన్నా, "సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం" అన్నా చాలామంది నిట్టూర్చి కూర్చుంటారు. అలాంటి మాటలను సభ హామీలుగా లెక్కగడుతుంది. మూడు నెలల్లో నెరవేర్చాలి, లేదంటే గడువు పెంచమని అడగాలి. వాటిని వెంటాడటానికి 1953 నుంచి ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. నువ్వు చేయవలసిందల్లా ఒక నోటుపుస్తకం పెట్టి తేదీ, ప్రశ్న సంఖ్య, మంత్రి అన్న మాట యథాతథంగా రాసుకోవడం. మూడు నెలలు నిండిన రోజున ఉత్తరం రాయడం. మా ఎంపీ గార్లలో ఒకరు ఈ పని మానకుండా చేశారు. సభలో ఆయన గొంతు పెద్దగా వినపడేది కాదు, కాని ఆయన పేరుతో కవరు వస్తే శాఖల్లో వెంటనే తెరిచేవాళ్లు.

పార్టీ ఏమంటుందోనన్న సందేహం నీకు ఉంటుంది. 1985 నాటి పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం ఓటును కట్టేస్తుంది. ప్రశ్నను కట్టేయదు. ఫిరోజ్ గాంధీ అధికార కాంగ్రెస్ సభ్యుడిగా ఉండే 1957 డిసెంబరులో వ్యాపారి హరిదాస్ ముంద్రా కంపెనీల్లో ప్రభుత్వ బీమా సంస్థ ఎల్ఐసీ పెట్టిన పెట్టుబడులను నిలదీశారు. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. లెక్కలు దగ్గర పెట్టుకుని మాట్లాడినవాడిని సొంత పార్టీ కూడా కూర్చోమనలేకపోయింది. అలాగే, ఎవరిమీదైనా ఆరోపణ చేయదలిస్తే ముందే స్పీకరుకు, మంత్రికి తెలియజేయాలి. అది మరిచిపోతే రికార్డుల్లోంచి తీసేస్తారు, పడ్డ శ్రమంతా పోతుంది.

శాఖల పనిని పరిశీలించే పార్లమెంటు స్థాయీ సంఘాల్లో ఒక్కోదానిలో లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది ఉంటారు. అక్కడ కెమెరాలు లేవు, అందుకే హాజరు పలుచన, అందుకే మాటలు సూటిగా ఉంటాయి. కార్యదర్శి స్థాయి అధికారి ఎదురుగా కూర్చుని జవాబు చెప్పే చోటు ఇంకెక్కడా దొరకదు. మీ జిల్లాకు పనికొచ్చే సంఘం కోరుకో, పేరు గొప్పగా ఉన్నదని విదేశాంగం అడగకు. మంత్రులు కాని సభ్యులు పెట్టే ప్రైవేటు బిల్లులంటావా, ఇప్పటిదాకా చట్టమైనవి 14, 1970 తర్వాత ఒక్కటీ లేదు. సరదా ఉంటే ఒకటి పెట్టు.

తెలుగులో మాట్లాడు. అనువాదం ఉంది, ముందుగా చెప్పి ఉంచితే చాలు. అనువదించేవాళ్లు అందుకోగలిగేలా కాస్త నెమ్మదిగా, అంకెలు విడివిడిగా పలుకు.

మొదటి విడత ప్రశ్నలు ఐదు రాసి పంపు. ఒక శాఖవి ఒక కాగితం మీద, మార్జిను వదిలి. ఎర్ర సిరా పెన్ను ఇంకా పనిచేస్తోంది.

ఆశీస్సులతో,
మీ బాబాయి