గోలీ గేర్‌లో మందం కాదు, సందులు చూడండి

మీ ప్రశ్న ఇదీ: అబ్బాయికి పదేళ్ళు, కెనడాలోని బ్రాంప్టన్‌లో ఐస్ హాకీ హౌస్ లీగ్ (ఊళ్ళో పిల్లల స్థానిక లీగ్) ఆడుతున్నాడు, ఇక గోలీగానే, అంటే గోల్ కాపలా కాసేవాడిగానే, ఆడతానని పట్టుబట్టాడు. ఎవరో తమ కొడుకు వాడిన గోలీ గేర్ సెట్ మొత్తం 350 డాలర్లకి ఇస్తామంటున్నారు. హాకీ చూస్తూ పెరగని మనకి ఆ గేర్ దెబ్బ ఆపుతుందో లేదో ఎలా తెలుస్తుంది అని.

మేం మిల్టన్‌లో ఉంటాం. మా అమ్మాయికి పదమూడు, ఐదేళ్ళుగా గోలీ. ఈ ఐదేళ్ళలో నేను రెండు తప్పులు చేశాను. ఒకదాని ఫలితం పిల్ల ఒంటి మీదే కనబడింది. రెండోది ఇంకొకరు చూసి చెప్పబట్టి గట్టెక్కింది.

మొదటి తప్పు మనవాళ్ళందరం చేసేదే. స్కూల్ యూనిఫామ్ రెండేళ్ళు రావాలని ఒక సైజు పెద్దది కొనే అలవాటు ఉంది చూశారూ, దాన్నే చెస్ట్ ప్రొటెక్టర్ దగ్గరా చూపించాను. సెకండ్ హ్యాండ్‌లో మంచి కంపెనీది, దిట్టంగా ఉంది, వేలితో నొక్కితే లోపలికి దిగడం లేదు. ఇంకేం కావాలి అనుకున్నాను. ఇంట్లో నిలబెట్టి వేస్తే బొమ్మలా ఉంది పిల్ల. ఐస్ మీద మోకాళ్ళ మీదికి వాలి బటర్‌ఫ్లైలో కూర్చోగానే ప్రొటెక్టర్ కింది అంచు గోలీలు వేసుకునే మందపాటి నిక్కర్‌కి తగిలి, మొత్తం పైకి లేచి గడ్డానికి ఆనుకుంది. భుజాల మీది గట్టి ముక్కలు పక్కకి జారాయి. మెడకీ భుజానికీ మధ్య, కాలర్ బోన్ దగ్గర, నాలుగు వేళ్ళ సందు. మూడో ప్రాక్టీస్‌లో పక్, అంటే ఐస్ హాకీలో బంతి బదులు వాడే బిళ్ళ, సరిగ్గా అక్కడే తగిలింది. ఎముక విరగలేదు కానీ పది రోజులు నల్లగా కమిలిపోయి ఉంది. ఆ పది రోజులూ మా ఆవిడ నాతో ముక్తసరిగానే మాట్లాడింది.

అందుకే నా సలహా ఇది. గేర్‌ని చేత్తో పట్టుకుని నొక్కి చూసినంత మాత్రాన నిర్ణయించకండి. పిల్లాడికి తొడిగించి, కదిలించి చూడండి. పక్ తగిలేది ఎక్కువగా పిల్లాడు కదులుతున్నప్పుడే. అప్పుడు ఎక్కడ సందు తెరుచుకుంటుందో అదే మీరు వెతకాల్సింది.

తగిలేది ఏమిటో కూడా ఒకసారి అనుకుందాం. పక్ బరువు 156 నుంచి 170 గ్రాములు. క్రికెట్ బంతి 156 నుంచి 163. ఇంచుమించు ఒకటే. నేను గుంటూరులో కార్క్ బంతికి కీపింగ్ చేసినవాణ్ణి కాబట్టి ఈ లెక్క చూసి మొదట ధైర్యం తెచ్చుకున్నాను. కానీ కీపర్ బంతితో పాటు చేతులు వెనక్కి లాక్కుంటూ పడతాడు, ఒంటి మీదికి వస్తే తప్పుకుంటాడు. గోలీ తప్పుకోకూడదు, ఎదురెళ్ళాలి. పైగా పక్ బంతిలా గుండ్రంగా ఉండదు. మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం, గట్టి రబ్బరు బిళ్ళ. అంచు మీద తగిలితే దెబ్బంతా చిన్న చోటే దిగుతుంది.

ఆ దెబ్బని ఆపడానికి రెండు పొరలు కావాలి. పైన గట్టిది, ప్లాస్టిక్ గానీ దట్టమైన ఫోమ్ గానీ. అది దెబ్బని వెడల్పుగా పరుస్తుంది. లోపల మెత్తనిది, అది వేగాన్ని తగ్గిస్తుంది. పైది ఒక్కటే ఉంటే ఎముకకి నేరుగా కొట్టినట్టు ఉంటుంది. లోపలిది ఒక్కటే ఉంటే పక్ దిగబడిపోతుంది. వాడేసిన గేర్‌లో ముందు చచ్చిపోయేది లోపలి పొరే. బొటనవేలితో గట్టిగా నొక్కి వదలండి. గుంట అలాగే ఉండిపోతున్నా, అవతలి వైపు పెట్టిన చేతికి మీ వేలు స్పష్టంగా తెలుస్తున్నా ఆ ముక్క పని అయిపోయినట్టే. వయసుమీరి ఎండిపోయిన అప్పడంలా గట్టిపడ్డా అంతే.

ఇక చెస్ట్ ప్రొటెక్టర్ చూడటం. పిల్లాడికి నిక్కర్‌తో సహా వేయించండి, గోలీలా వంగి నిలబడమనండి, తరవాత మోకాళ్ళ మీదికి దిగమనండి, రెండు చేతులూ పైకీ పక్కకీ చాపమనండి. ఒక్కో భంగిమలో మీరు వేలు పెట్టి తడుముతూ వెళ్ళండి: కాలర్ బోన్, చంక కింది పక్కటెముకలు, మోచేతి లోపలి వైపు, పొట్ట దగ్గర నిక్కర్ కలిసే చోటు, మణికట్టు. వేలు నేరుగా చొక్కాకి తగిలిన ప్రతి చోటా పక్ కూడా తగులుతుంది. మణికట్టుని చాలామంది మర్చిపోతారు. చేతి కవచం పొట్టిదైతే గ్లోవ్ అంచుకీ దానికీ మధ్య రెండంగుళాలు బోసిగా ఉంటుంది. గుండె మీద మాత్రం ఒకటికి రెండు పొరలు ఉండాల్సిందే. దాంట్లో బేరం లేదు.

ఇంకో సంగతి. జూనియర్, ఇంటర్మీడియట్, సీనియర్ అని రాసేది సైజు ఒక్కదాని గురించే కాదు. ఏ వయసువాళ్ళ షాట్లు ఆపాలి అన్నది కూడా అందులో ఉంటుంది. పెద్ద పిల్లలు గట్టిగా కొడతారు కాబట్టి పై మెట్టువాటిలో కవచం ఎక్కువ. మీవాడు పొట్టిగానే ఉన్నా పై ఏజ్ గ్రూపుకి వెళితే పాత జూనియర్ చెస్ట్ సరిపోతోంది కదా అని నెట్టుకురాకండి.

ఇప్పుడు మాస్క్. నా రెండో తప్పు ఇక్కడ. ఆన్‌లైన్‌లో ఒకాయన దగ్గర కొన్నాను, నల్ల రంగు మీద నెమలి బొమ్మ, మా అమ్మాయి చూడగానే మనసు పారేసుకుంది. కొత్తదానిలా మెరుస్తోంది. రింక్‌లో స్కేట్లు పదును పెట్టే పెద్దాయన అది చేతిలోకి తీసుకుని, లోపలి ఫోమ్ ఒక మూల పైకెత్తి, టార్చి వేసి చూపించాడు. కణత దగ్గర తెల్లటి గీతలు, సాలెగూడులా. ఫైబర్‌గ్లాస్ లోపల చిట్లితే అలాగే తెల్లగా కనబడుతుందట. పైన పటారం, లోన లొటారం. పైన కొత్తగా రంగు వేయడంతో పగులు కనబడకుండా పోయింది. అమ్మినాయనకి తెలిసి చేశాడో తెలియక చేశాడో నాకు ఇప్పటికీ అనుమానమే.

మాస్క్‌ని బయటి నుంచి చూసి లాభం లేదు. ఫోమ్ తీసి లోపల చూడాలి. రెండు దవడల వైపులా అరచేతులు పెట్టి మెల్లగా నొక్కితే చప్పుడు రాకూడదు. కేజ్, అంటే ముఖం ముందుండే జాలీ, దాని కడ్డీల్లో సొట్ట, అతుకు దగ్గర తుప్పు, విడిపోయిన వెల్డింగు ఉంటే కేజ్ మార్చాలి. అది పెద్ద ఖర్చు కాదు. షెల్, అంటే మాస్క్ గట్టి డొల్ల, పగిలితే మాత్రం పారేయాల్సిందే. పిల్లల చవక మాస్కులు కొన్ని పాలికార్బొనేట్ ప్లాస్టిక్‌వి. వాటి మీద దొరికిన రంగు కొట్టడం ప్రమాదం, కొన్ని రంగుల్లో ఉండే ద్రావకాలు ఆ ప్లాస్టిక్‌ని తినేస్తాయి.

సీఎస్ఏ (కెనడా ప్రమాణాల సంస్థ) స్టిక్కర్ ఉందో లేదో చూడండి. ఇక్కడ మైనర్ హాకీలో, అంటే పిల్లల హాకీలో, అది లేకుండా ఐస్ ఎక్కనివ్వరు. షెల్‌కి ఉన్నా కేజ్‌కి లేకపోవచ్చు, కేజ్ ఎవరైనా మార్చి ఉంటారు. టీవీలో ఎన్‌హెచ్‌ఎల్ (ఇక్కడి పెద్ద ప్రొఫెషనల్ లీగ్) గోలీలు పెట్టుకునే పిల్లికళ్ళ కేజ్, కళ్ళ ముందు పెద్ద ఖాళీ ఉండేది, పిల్లలకి అనుమతి లేదు. ఆ ఖాళీలోంచి స్టిక్ కొస లోపలికి వస్తుంది. మీవాడు అదే కావాలని ఏడుస్తాడు, ముందే చెబుతున్నా.

తొడిగాక గడ్డం కప్పులో కుదురుగా కూర్చోవాలి, తల అటూ ఇటూ విసిరితే మాస్క్ తలతో పాటే తిరగాలి, ముక్కుకీ గడ్డానికీ కేజ్ తగలకూడదు. ఆ ఎడం ఎందుకో చరిత్రలో ఉంది. 1959 నవంబర్ 1న న్యూయార్క్‌లో ప్రత్యర్థి ఆటగాడు ఆండీ బాత్‌గేట్ కొట్టిన షాట్, మ్యాచ్‌లో మాస్క్ లేకుండా ఆడుతున్న మాంట్రియల్ గోలీ జాక్ ప్లాంట్ ముఖం చీల్చింది. కుట్లు వేయించుకుని మాస్క్‌తోనే తిరిగి ఐస్ ఎక్కాడు. కోచ్‌కి అది ఇష్టం లేదు, మాస్క్ లేకుండా ఆడనని ఇతను భీష్మించాడు. కానీ ఆనాటి ఫైబర్‌గ్లాస్ మాస్క్ ముఖానికి అచ్చు పోసినట్టు అంటుకుని ఉండేది. చర్మం తెగకుండా చాలావరకు కాపాడేది గానీ దెబ్బ అదురు ముఖానికే చేరేది. ఇప్పటి మాస్కుల్లో ముఖానికీ కేజ్‌కీ మధ్య ఖాళీ వదిలి, ముందు భాగం కోణంగా చేసి పక్ పక్కకి జారిపోయేలా చేస్తారు. సైజు తప్పితే ఆ ఖాళీయే ఉండదు, మళ్ళీ 1959కి వెళ్ళినట్టే.

గొంతు దగ్గర రెండు వేర్వేరు వస్తువులు కావాలి, ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదు అనుకోకండి. మాస్క్ కింద వేలాడే పారదర్శకమైన పలకని డాంగ్లర్ అంటారు, అది పక్‌కి. మెడ చుట్టూ కట్టే నెక్ గార్డ్ స్కేటు బ్లేడుకి. 1989లో బఫెలో జట్టు గోలీ క్లింట్ మలార్‌చుక్ గొంతు ప్రత్యర్థి స్కేటు తగిలి తెగింది. ట్రైనర్ వెంటనే పట్టుకుని రక్తం ఆపబట్టి బతికాడు. 2023 అక్టోబర్‌లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆడం జాన్సన్ అనే ఆటగాడు అలాంటి గాయంతోనే చనిపోయాడు. నెక్ గార్డ్ మీద బీఎన్‌క్యూ (క్యుబెక్ ప్రమాణాల సంస్థ) అన్న ముద్ర ఉండాలి. దీన్నీ, తొడల మధ్య రక్షణకి పెట్టుకునే కప్‌నీ సెకండ్ హ్యాండ్‌లో కొనకండి. కప్ కూడా మామూలు ఆటగాళ్ళది కాదు, గోలీది వేరే ఉంటుంది, అడిగి తీసుకోండి.

లెగ్ ప్యాడ్స్ గురించే అందరూ అడుగుతారు, ఎందుకంటే కంటికి కనబడేవి అవే, ఖరీదూ వాటికే ఎక్కువ. నిజానికి దెబ్బల విషయంలో నేను తక్కువ భయపడేది వాటి గురించే. పాత ప్యాడ్‌కి తగిలిన పక్ దూరంగా ఎగరకుండా కాళ్ళ ముందే పడిపోతుంది, గోల్ పడచ్చు, కానీ కాలు విరగదు. స్ట్రాపులు తెగితే మార్పించుకోవచ్చు. అక్కడ చూడాల్సింది పొడవు. స్కేట్లు వేసుకున్నాక మోకాలు చిప్ప ప్యాడ్‌లోని మోకాలి గుంట మధ్యలో కూర్చోవాలి. కిందికి దిగినప్పుడు లోపలి వైపున్న మెత్తటి దిమ్మ మీద మోకాలు పడాలి. ప్యాడ్ పెద్దదైతే మోకాలు దిమ్మ తప్పి నేరుగా ఐస్ మీద పడుతుంది. ఒక ప్రాక్టీస్‌లోనే ఎన్నిసార్లు అలా దిగుతారో మీకు తెలుసు. ప్యాడ్ పైభాగానికీ నిక్కర్‌కీ మధ్య తొడ దగ్గర తెరుచుకునే సందుకి విడిగా మోకాలి గార్డులు ఉంటాయి, అవి సెట్‌లో ఉన్నాయో లేదో అడగండి. చాలాసార్లు ఉండవు.

క్యాచింగ్ గ్లోవ్‌ని పిల్లాడు ఒంటిచేత్తో మూయగలగాలి. మూయలేకపోతే పక్ వలలోకి వెళ్ళకుండా అరచేతికి కొడుతుంది. చూపుడువేలు మొదట్లో నొక్కి చూడండి, ముందు అరిగేది అక్కడే. బ్లాకర్‌లో, అంటే స్టిక్ పట్టే చేతి గ్లోవ్‌లో, చూపుడువేలికి పక్క నుంచి కవచం ఉండాలి. స్కేట్లు గోలీవే కావాలి, మామూలువాటికి చీలమండ దగ్గర ఆ రక్షణ ఉండదు.

ఇక మీ 350 డాలర్ల సెట్. ముందు మీ అసోసియేషన్‌లో అడగండి. చాలా చోట్ల చిన్న వయసు గోలీలకి డిపాజిట్ కట్టించుకుని సీజన్‌కి గేర్ ఇస్తారు, ఒక్క ఏడాది ఆడి మానేసే పిల్లలు ఎక్కువ కాబట్టి. దొరక్కపోతే అబ్బాయిని వెంటబెట్టుకుని వెళ్ళి, పైన చెప్పినట్టు తొడిగించి చూడండి. అమ్మేవాళ్ళు విసుక్కున్నా ఫర్వాలేదు. ప్యాడ్స్, బ్లాకర్, గ్లోవ్ పొడవు కుదిరితే తీసుకోండి. చెస్ట్ ఒక్క సైజు తేడా ఉన్నా వదిలేయండి. మాస్క్, నెక్ గార్డ్, కప్ వద్దని, ఆ మేరకు ధర తగ్గించమని అడగండి. మిగిలిన డబ్బుకి ఇంకొంత కలిపి మాస్క్ కొత్తది కొనండి. మేం చివరికి చేసింది అదే. నెమలి లేదు, తెల్లగా ఉంది, పిల్ల స్టిక్కర్లు అంటించుకుంది.

లేదు, ఆ మాస్కే బాగుంది అనిపిస్తే లోపలి ఫోమ్ ఎత్తి, కణతల దగ్గరా గడ్డం దగ్గరా వెలుతురులో ఫొటోలు తీసి ఇక్కడ పెట్టండి. శనివారం ప్రాక్టీస్‌కి వెళ్ళినప్పుడు ఆ పెద్దాయనకి చూపించి చెబుతాను.